పన్నెండు వేల రూపాయల నాబ్

పోయిన నెల ఒక ఆదివారం మా అక్క కొడుకు భోజనానికి వచ్చాడు. కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి ఏదో కోర్సు చేస్తున్నాడు. కంచం ముందు కూర్చున్నాడన్న మాటే గానీ, చూపంతా పక్కగదిలో నా టేబుల్ మీదే ఉంది.

“మావయ్యా, నేనూ ఒక యాంప్ కొనాలి. అది లేకుండా వింటే ఐఈఎమ్ సత్తా సగమే బయటికొస్తుందంటున్నారు.”

“ఎవర్రా అంటున్నది?”

“అందరూ అంటున్నారు.”

వాడి ఐఈఎమ్, అంటే చెవి లోపలికి దూర్చుకునే ఇయర్‌ఫోన్, ఖరీదు రెండున్నర వేలు. కొనాలనుకుంటున్న యాంప్, అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్ళే సిగ్నల్‌ని పెంచే పెట్టె, ఏడు వేలు. పావలా కోడికి ముప్పావలా మసాలా అని మా అమ్మ అనేది ఇలాంటి బేరాలనే. “అక్కర్లేదు, డబ్బులు దాచుకో” అన్నాను.

“మరి నీ టేబుల్ మీదున్నదేంటి?”

నోట్లో ముద్ద ఉండబట్టి అప్పటికి గట్టెక్కాను. ముద్ద దిగాక కూడా సరైన జవాబు తట్టలేదు. “నా హెడ్‌ఫోన్ వేరు, నీది వేరు” అని ఏదో చెప్పాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదని చెబుతున్నప్పుడే తెలుస్తోంది. వాడు వెళ్ళాక చాలాసేపు ఆ పెట్టెని చూస్తూ కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందట పన్నెండు వేలు పోసి కొన్న డాక్-యాంప్ అది. అంకెల్లో ఉన్న పాటని ధ్వని సిగ్నల్‌గా మార్చే డాక్, దాన్ని పెంచే యాంప్, రెండూ ఒకే పెట్టెలో. అరచేతికి కొంచెం పెద్దది. ముందువైపు రెండు జాక్‌లు, గెయిన్ (సిగ్నల్‌ని ఎన్నింతలు పెంచాలో) మార్చే చిన్న మీట, వాల్యూమ్ తిప్పే ఒక నాబ్. రోజూ వాడతాను. లాభం లేదంటే అబద్ధమవుతుంది. అయితే యాంప్ వల్ల కలిగే లాభాలని అమ్మేవాళ్ళు చెప్పే వరుస ఒకటి, నాకు అనుభవంలోకి వచ్చిన వరుస ఇంకొకటి. వాళ్ళు మొదట చెప్పేది నాకు చిట్టచివర వస్తుంది. నాకు మొదట వచ్చేది వాళ్ళ నోట ఎప్పుడూ వినలేదు.

ముందు లెక్క

ఒక హెడ్‌ఫోన్‌కి యాంప్ కావాలో వద్దో తేల్చడానికి చెవులకన్నా ముందు కాగితం, పెన్ను చాలు. దాని డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఇంపీడెన్స్ (కరెంటుకి పెట్టే అడ్డు) ఎన్ని ఓమ్‌లు, ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుంది అని. మావాడి ఐఈఎమ్ 32 ఓమ్‌లు, 106 డెసిబెల్స్. ఫోన్‌కి తగిలించే ఆపిల్ డాంగిల్ (చివర హెడ్‌ఫోన్ జాక్ ఉండే చిన్న తీగముక్క) గరిష్ఠంగా 1 ఓల్ట్ దాకా ఇస్తుంది. 32 ఓమ్‌ల మీద 1 ఓల్ట్ అంటే సుమారు 31 మిల్లీవాట్లు. పవర్ పదింతలైతే 10 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి, ఆ లెక్కన ఐఈఎమ్ 121 దాకా మోగగలదు. పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వింటే ఫరవాలేదని, 90 అయితే 4 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 121 దగ్గర గంటల ఊసే ఉండదు. వాడి చేతిలో ఉన్న తొమ్మిది వందల డాంగిలే వాడి చెవుల్ని పాడుచెయ్యడానికి సరిపడా ఉంది. ఇంకో ఏడు వేలు దేనికి?

దీనికి ఎదుటివాళ్ళ జవాబు నాకు కంఠతా వచ్చు. “వాల్యూమ్ వస్తుందండీ, కానీ డ్రైవర్‌ని, అంటే లోపల మోగే బుల్లి స్పీకర్‌ని, పట్టి నడిపించే పవర్ ఉండదు. బేస్ బిగుతు యాంప్‌తోనే వస్తుంది.” వినడానికి బాగుంటుంది. నేనూ రెండేళ్ళు నమ్మాను. తిరకాసు ఏమిటంటే, హెడ్‌ఫోన్ తనకి కావలసినంత కరెంటే లాక్కుంటుంది. యాంప్ 2 వాట్లు ఇవ్వగలదని దాని డబ్బా మీద రాసి ఉంటే ఆ 2 వాట్లూ వచ్చి చెవిలో పడవు. ఇంటికి 5 కిలోవాట్ల మీటర్ పెట్టించుకున్నంత మాత్రాన హాల్లో 9 వాట్ల బల్బు ఎక్కువ వెలగదు కదా. మీరు వినే వాల్యూమ్‌లో ఆ డాంగిల్ తడబడకుండా ఓల్టేజీ ఇవ్వగలిగితే, అక్కడితో పవర్ కథ ముగిసింది.

నిజంగా ఆకలిగొన్న హెడ్‌ఫోన్లు లేవని కాదు. హైఫైమాన్ హెచ్ఈ6 అని ఒకటుంది. 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. దానికి 1 ఓల్ట్ ఇస్తే 20 మిల్లీవాట్లు, అంటే మహా అయితే 96.5. పాట సగటు మట్టం అంతకన్నా ఎంతో కిందుంటుంది. అందుకే దాన్ని స్పీకర్లు నడిపే యాంప్‌కి తగిలించి వినేవాళ్ళు తయారయ్యారు. అలాంటిది మీ దగ్గరుంటే ఈ పోస్టు మీకు అవసరం లేదు, మీరు ఇప్పటికే మునిగిపోయారు.

మా నాన్న కాసెట్లు

నా సంగతికొస్తే, నాది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. 300 ఓమ్‌లు, 97 డెసిబెల్స్. డాంగిల్ ఇచ్చే 1 ఓల్ట్‌కి సుమారు 102 దాకా వెళ్తుంది. ఇప్పటి సినిమా పాటలన్నీ గట్టిగా నొక్కి రికార్డు చేసినవి కాబట్టి వాటికి ఇది ఎక్కువే. ‘300 ఓమ్‌లకి యాంప్ తప్పనిసరి’ అనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడైనా వేశారా అని నా అనుమానం.

కానీ నేను ఎక్కువగా వినేది సినిమా పాటలు కాదు. మా నాన్న హార్మోనిస్టు. పగలు స్కూల్లో గుమాస్తా, రాత్రిళ్ళు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలకి హార్మణీ వాయించేవాడు. ఎనభైల్లో ఆయన స్నేహితుడొకాయన స్టేజీ అంచున టేప్‌రికార్డర్ పెట్టి రాత్రంతా రికార్డు చేసేవాడు. అలా మిగిలినవి 43 కాసెట్లు. లాక్‌డౌన్‌లో కూర్చుని వాటన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను.

ఆ రికార్డింగుల తీరు చెప్పాలి. నటుడు మైకుకి దూరంగా వెళ్ళి పద్యం ఎత్తుకుంటాడు. హార్మణీ ఎక్కడో లోపల. టేప్‌రికార్డర్‌కి అందరికన్నా దగ్గరగా ఉన్నది ముందువరస జనం. పద్యం చివర రాగం తీసి ఆపగానే చప్పట్లు, ఈలలు, “వన్స్‌మోర్!” అనే కేకలు. ఫైల్లో పట్టే గరిష్ఠ మట్టాన్ని సున్నా అనుకుంటే, పద్యం నడిచేది సగటున మైనస్ 38 డెసిబెల్స్ దగ్గర. ఈల పడేది మైనస్ 4 దగ్గర. రికార్డింగ్ లెవెల్ ఇంకొంచెం పెంచుదామంటే ఈల దగ్గర చిట్లిపోతుంది.

ఇప్పుడు ఆ 102లోంచి 38 తీసెయ్యండి. డాంగిల్ పూర్తి వాల్యూమ్‌లో పద్యం వినపడేది 64 డెసిబెల్స్. పక్కన కూర్చుని మాట్లాడుకునే గొంతు అంతే ఉంటుంది కదా, సరిపోదా అంటారు. సరిపోయేదే, పైన ఫ్యాన్ లేకపోతే. హెచ్‌డీ 600 వెనక జల్లెడలా తెరిచి ఉంటుంది, బయటి చప్పుడంతా లోపలికొస్తుంది. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపి నాటకం వినే ఓపిక నాకు లేదు. పద్యం 75 దగ్గర వినపడాలంటే ఇంకో 11 డెసిబెల్స్ కావాలి. అంటే మూడున్నర ఓల్టులు. డాంగిల్ ఇవ్వలేదు, యాంప్ ఇస్తుంది. కాబట్టి యాంప్ కొన్నాను.

ఈ కథ మొత్తం మావాడికి ఫోన్లో గర్వంగా వినిపించాను, నీ ప్రశ్నకి జవాబు దొరికిందిరా అని. అంతా విని, “ఆడాసిటీలో నార్మలైజ్ కొడితే అయిపోయేది కదా మావయ్యా, ఫ్రీ కూడానూ” అన్నాడు.

ఆడాసిటీ అంటే రికార్డింగుల్ని సవరించే సాఫ్ట్‌వేర్. ఒక్క క్షణం పన్నెండు వేలు కళ్ళముందు ఆడాయి. తర్వాత ఫైలు తెరిచి చూస్తే గానీ నాకూ ధైర్యం రాలేదు. నార్మలైజ్ చేసేది ఏమిటంటే, ఫైల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాన్ని పట్టుకుని సీలింగ్ దాకా లేపడం. మా ఫైల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది ఈల. అది ఇప్పటికే మైనస్ 4 దగ్గరుంది. ఇంకో 4 డెసిబెల్స్ లేచి ఆగిపోతుంది. దానితోపాటు పద్యమూ 4 డెసిబెల్సే లేస్తుంది. “అయితే కంప్రెసర్ వెయ్యి” అన్నాడు. గట్టి చప్పుడుని అణచి, చిన్న చప్పుడుని లేపే మీట అది. వేశాను. పద్యానికీ పద్యానికీ మధ్య నిశ్శబ్దంలో టేపు బుస్సుమంటూ పైకి లేస్తుంది, మళ్ళీ గొంతు రాగానే అణిగిపోతుంది. పాము పక్కన కూర్చుని నాటకం చూసినట్టుంది. దాన్ని ఓపిగ్గా సరిచేసేవాళ్ళున్నారు, నేను చెయ్యలేను. 43 కాసెట్లకి, ఒక్కో ఈలనీ మౌస్‌తో పట్టుకుని తగ్గిస్తూ పోతే నా రిటైర్‌మెంట్ కూడా అయిపోతుంది.

సరే, వాడి మాటలో సగం నిజముంది. ‘పాత రికార్డింగులు చిన్నగా వినపడుతున్నాయి, యాంప్ కొంటాను’ అనే నూటికి తొంభైమందికి నిజంగానే సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట సరిపోతుంది. నాకు సరిపోకపోవడానికి కారణం తెనాలి జనం ఈలలు.

బురద నీటికి మోటారు

యాంప్ గురించి నేను చేసిన మొదటి తప్పు ఈ పెట్టెతో కాదు, అంతకు ముందు దానితో. మా స్నేహితుడొకడు కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కొచ్చి సీమోయ్ అనే చిన్న యాంప్ కట్టిచ్చాడు. చూ మోయ్ అనే అభిరుచిపరుడు రూపొందించిన సర్క్యూట్ అది. సిగ్నల్‌ని పెంచే ఒక ఆప్‌యాంప్ చిప్పు, కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక 9 ఓల్టుల బ్యాటరీ. అమెరికాలో దాన్ని పెప్పర్‌మింట్ బిళ్ళల రేకు డబ్బాలో బిగించడం ఒక సంప్రదాయం. మా స్నేహితుడు సబ్బుపెట్టెలో బిగించాడు. మైసూర్ శాండల్ వాసన ఆర్నెల్లు పోలేదు.

లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లోంచి వైరు తీసి సబ్బుపెట్టెకి ఇచ్చాను. అప్పటికే మా లాప్‌టాప్‌లో ఒక జబ్బుంది. మౌస్ చక్రం తిప్పితే చెవిలో సన్నగా కిర్రుమంటుంది. పేజీ ఆగితే ఆగుతుంది. యాంప్ పెడితే పోతుందనుకున్నాను. పోలేదు సరికదా, ఇంకా స్పష్టంగా, అందంగా, గట్టిగా వినపడటం మొదలుపెట్టింది. బావిలో నీళ్ళు బురదగా ఉంటే పెద్ద మోటారు పెట్టినంత మాత్రాన ట్యాంకులోకి తేట నీళ్ళు రావు. యాంప్ ఎత్తిపోస్తుందే గానీ వడపొయ్యదు.

రొద పోయింది ఎప్పుడంటే, పాటని అంకెల రూపంలోనే యూఎస్‌బీ తీగ మీద బయటికి తెచ్చి, లాప్‌టాప్ కడుపులోని గందరగోళానికి దూరంగా ధ్వని సిగ్నల్‌గా మార్చినప్పుడు. ఆ పని చేసేది డాక్. నా పన్నెండు వేల పెట్టెలో రెండూ ఉన్నాయి కాబట్టి, పెట్టగానే కిర్రు మాయమైతే నేను ‘ఆహా, యాంప్ మహిమ’ అనుకున్నాను. మంత్రసాని కష్టానికి పురోహితుడికి సంభావన ఇచ్చినట్టు. తొమ్మిది వందల డాంగిల్లో కూడా డాక్ ఉంటుంది. అదీ ఆ రొదని అంతే చక్కగా తీసేసేది. ‘యాంప్ పెట్టాక నేపథ్యం నల్లగా అయింది’ (అంటే రొద పోయింది) అని ఎవరైనా అంటే, వాళ్ళు ఏ జాక్ నుంచి ఏ పెట్టెకి మారారో అడగండి. చాలాసార్లు పొగడ్త వేరేవాళ్ళకి చెందాల్సింది.

ఇంకో ముక్క. మన అద్దె ఇళ్ళలో చాలాచోట్ల ప్లగ్ సాకెట్ మూడో రంధ్రం గోడకి అలంకారం, లోపల ఎర్త్ తీగ ఉండదు. ఛార్జర్ పెట్టిన రేకు లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది చూడండి, ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెడితే వెలుగుతుంది కూడా. ఛార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా కారే బహు చిన్న కరెంటు అది. ప్రాణాలకి మామూలుగా ముప్పు లేదు గానీ, నాలుగు పెట్టెల్ని తీగలతో కలిపితే ఇదే చెవిలో ‘మ్‌మ్‌మ్’ అని మూలగడానికి దారి దొరుకుతుంది. ఆ మూలుగు వినగానే ఖరీదైన యాంప్‌ల వైపు చూసే ముందు ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద ఓసారి వినండి. మా ఇంట్లో ఆ మూలుగుని పోగొట్టింది కొత్త పరికరం కాదు, మూడు వందలు తీసుకుని ఎర్త్ తీగ కలిపిన ఎలక్ట్రీషియన్.

అమ్మేవాళ్ళు చెప్పని ఓమ్‌లు

నా దృష్టిలో మంచి యాంప్ ఇచ్చే అసలైన ధ్వని లాభం ఒకటుంది. దాన్ని డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాస్తారు, ఒక్కోసారి అసలు రాయరు. యాంప్ తన అవుట్‌పుట్ దగ్గర సొంతంగా పెట్టుకునే అడ్డు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్.

ఇది ఎందుకు ముఖ్యమంటే, హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకటే ఉండదు. కొన్ని ఐఈఎమ్‌లలో మూడు నాలుగు బుల్లి డ్రైవర్లు కలిపి పెడతారు. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 10 ఓమ్‌లు, ఇంకోచోట 40 ఉండొచ్చు. అలాంటిదాన్ని 33 ఓమ్‌ల అడ్డున్న జాక్‌లో పెడితే, రెండు చోట్లకీ మధ్య తేడా 7 డెసిబెల్స్ పైనే వస్తుంది. అంటే రికార్డింగ్ చేసినవాడు ఉద్దేశించని ఈక్వలైజర్ ఒకటి మీ చెవుల్లో కూర్చున్నట్టే. అదే అడ్డు 1 ఓమ్ అయితే తేడా 0.6 డెసిబెల్. ఇది ఊహ కాదు, స్కూల్లో చదువుకున్న ఓమ్ సూత్రమే.

స్పీకర్ల కోసం కట్టిన పాత రిసీవర్లలో (రేడియో, యాంప్ కలిసిన పెట్టెల్లో) హెడ్‌ఫోన్ జాక్ అనేది తర్వాత తట్టిన ఆలోచన. స్పీకర్ లైనుకి పెద్ద రెసిస్టర్ ఒకటి తగిలించి జాక్‌కి లాగేసేవారు. 1996లో వచ్చిన ఒక అంతర్జాతీయ ప్రమాణమైతే హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి 120 ఓమ్‌లు అని చెప్పింది. ఆ కాలపు పెద్ద ఓమ్‌ల హెడ్‌ఫోన్లకి అది చెల్లింది. ఈ కాలపు 16 ఓమ్‌ల ఐఈఎమ్‌కి చెల్లదు.

ఈ సంగతిని జనానికి విప్పి చెప్పినవాడు ఒక బ్లాగరు కావడం నాకు భలే ఇష్టం. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసేవాడు. అసలు పేరు బయటపెట్టుకోలేదు. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించి యాంప్ అడ్డు ఉండకూడదని పట్టుబట్టాడు. 32 ఓమ్‌లకి 4, 16 ఓమ్‌లకి 2. మాటలతో ఆగకుండా 2011లో ఓ2 అనే యాంప్ డిజైన్‌ని ఉచితంగా అందరికీ ఇచ్చేశాడు. రెండు 9 ఓల్టుల బ్యాటరీల మీద కూడా నడిచేది. వందల డాలర్ల పెట్టెలకి దీటైన కొలతలు వచ్చాయి. 2012లో రాయడం ఆపేశాడు, మళ్ళీ కనపడలేదు. నెలకో పోస్టు రాయడానికి కిందామీదా పడే నాలాంటివాడికి ఆ మనిషి ఒక ముచ్చట.

ఎదురువాదం ఇక్కడ కూడా ఉంది, అది బలమైనదే. ఎక్కువ అడ్డున్న ట్యూబ్ యాంప్‌తో (చిప్పులకి బదులు గాజు వాల్వులతో కట్టేది) నా హెచ్‌డీ 600 లాంటివి విని, ‘గొంతులో ఎంత వెచ్చదనం’ అని పరవశించేవాళ్ళున్నారు. వాళ్ళు భ్రమపడటం లేదు. ఈ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ బేస్ దగ్గర 300 నుంచి 500 దాకా పెరుగుతుంది. 120 ఓమ్‌ల యాంప్ మీద ఆ చోట 1 డెసిబెల్ బేస్ కలుస్తుంది. ట్యూబు కలిపే మరో రంగు కూడా ఉంటుంది అనుకోండి. అది ఇష్టమైతే వినండి, పప్పులో నెయ్యి ఎంతన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ దాన్ని ‘అసలు ధ్వని బయటికొచ్చింది’ అనకండి. నెయ్యి కలిపారు, అంతే.

12కి 7

ఇక అందరూ మొదట చెప్పే లాభం. స్పష్టత పెరుగుతుంది, వాయిద్యాలు విడివిడిగా నిలబడతాయి, వేదిక విశాలమవుతుంది. నాకూ అలాగే వినిపించింది, కొన్న మొదటి వారమంతా. మా ఆవిడని కూర్చోబెట్టి, “విన్నావా, తంబూరా ఎలా విడిపోయిందో” అని కూడా అన్నాను. ఆవిడ “ఊఁ” అంది. పెళ్ళైన ఇరవై ఏళ్ళకి ఆ ‘ఊఁ’ అర్థం నాకు తెలుసు.

పోయిన ఆదివారం మావాడు మళ్ళీ వచ్చినప్పుడు పరీక్ష పెట్టుకున్నాం. ఒక పక్క డాంగిల్, ఇంకో పక్క నా పెట్టె. 100 హెర్ట్జ్ మోత ఒకటి పెట్టి, మల్టీమీటర్‌తో కొలిచి, రెండూ సరిగ్గా 0.30 ఓల్ట్ ఇచ్చేలా సర్దాం. ఈ ఒక్క పనికి గంట పట్టింది, కానీ పరీక్షంతా ఇందులోనే ఉంది. ఎందుకంటే రెండిట్లో ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు వినిపించడం మనిషి చెవి బలహీనత. ఆ తేడా అర డెసిబెల్ ఉంటే ‘గట్టిగా ఉంది’ అని అనిపించదు, ‘నిండుగా ఉంది’ అనిపిస్తుంది. కొట్లో యాంప్ చూపించేటప్పుడు మల్టీమీటర్ తెచ్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నా వీపు వాడివైపు. వాడు తీగ మారుస్తాడు, నేను చెప్పాలి. మొదటి మూడూ కరెక్టుగా చెప్పాను. ఛాతీ పొంగింది. తర్వాత జారింది. 12 సార్లలో 7 సరైనవి. నాణెం ఎగరేసినా అటూఇటూ అంతే వస్తుంది. వాడు నవ్వలేదు, అది వాడి మంచితనం.

ఇది నా చెవుల సంగతి, యాభై దాటిన చెవులు. కుర్ర చెవులకి తేడా తెలుస్తుందేమో. మావాణ్ణి కూర్చోబెడితే వాడికి 6 వచ్చాయి. రెండు పరికరాలూ తమ సత్తా లోపల, మామూలు వాల్యూమ్‌లో పనిచేస్తున్నంతసేపూ ఇంతకన్నా తేడా ఎందుకుండాలో కూడా నాకు తెలియడం లేదు.

చెయ్యి పెట్టే చోటు

మరి ఎందుకు ఉంచుకున్నాను? అమ్మేస్తే ఎనిమిది వేలు వస్తాయి.

నాబ్ కోసం. నవ్వకండి.

ఫోన్లో వాల్యూమ్ మెట్లుగా ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పదిహేనే మెట్లు. రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక మొదటి మెట్టు మరీ సన్నం, రెండోది ఎక్కువ. మధ్యలో నిలబడటానికి చోటు లేదు. నాబ్‌కి మెట్లు లేవు. వేలి మొన కదిలినంత కదులుతుంది. చూడక్కర్లేదు, తెర తాకక్కర్లేదు. పాత మర్ఫీ రేడియో ముందు కూర్చుని వార్తల టైముకి మా నాన్న చెయ్యి దానంతటది వెళ్ళేది, అలా వెళ్తుంది. ఈ సుఖానికి కొలత లేదు కాబట్టి ఏ రివ్యూలోనూ గ్రాఫు ఉండదు.

దీనివల్ల వచ్చిన లాభం నేను అనుకున్నదానికి తలకిందులు. గట్టిగా వినడానికి కొన్న పెట్టె, నన్ను నెమ్మదిగా వినడం అలవాటు చేసింది. ఫోన్లో పెంచిన వాల్యూమ్ తగ్గించడం గుర్తుండదు. నాబ్ మీద చెయ్యి ఉంటే ప్రతి పాటకీ తగ్గిస్తాను, చాలనిపించే చోట ఆపుతాను. ఏడాది తర్వాత చూస్తే, గడియారం ముల్లు లెక్కన మొదట్లో పదకొండు గంటల స్థానంలో ఉండే నాబ్ ఇప్పుడు తొమ్మిది దగ్గర ఉంటోంది.

దీనికీ లోపాలున్నాయి, దాచను. నాబ్ మరీ కిందికి, ఎనిమిది గంటల దగ్గరికి తిప్పితే ఎడమ చెవి గట్టిగా, కుడి చెవి సన్నగా వినిపిస్తుంది. నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లో రెండు పట్టాలు కచ్చితంగా ఒకేలా తయారవ్వవు, ఆ అడుగు భాగంలో తేడా బయటపడుతుంది. లాప్‌టాప్‌లో వాల్యూమ్ కొంత తగ్గించి నాబ్‌ని పైకి తెచ్చుకుంటే సరిపోతుంది. చవక చిట్కా, పనిచేస్తుంది.

రెండోది చిన్న లోపం కాదు. ఒక రాత్రి నాటకం విని హెచ్‌డీ 600 తీసేసి, మా అమ్మాయి ఐఈఎమ్ గుచ్చాను. గెయిన్ మీట ‘హై’లోనే ఉంది, నాబ్ సగం పైన. పాట మొదలైన క్షణంలో ఏమైందో నాకు సరిగా గుర్తు లేదు, చెవిలోంచి తీగ లాగేయడం గుర్తుంది. తెల్లారేదాకా కుడిచెవిలో ఈల. నా యాంప్ హై గెయిన్‌లో 5 ఓల్టులు ఇవ్వగలదు. 32 ఓమ్‌లు, 106 డెసిబెల్స్ ఉన్న ఐఈఎమ్‌కి ఆ 5 ఓల్టులూ అందితే 135 డెసిబెల్స్ దగ్గరికి పోతుంది. నాబ్ సగంలో ఉంది కాబట్టి అంత కాలేదు. మావాడికి యాంప్ వద్దన్నది డబ్బు గురించి మాత్రమే కాదు. ఇప్పుడు నాకో అలవాటుంది. ముందు నాబ్ సున్నాకి, తర్వాత జాక్, తర్వాత చెవి.

మావాడు యాంప్ కొనలేదు. మూడు వందలు పెట్టి వేరే సైజు ఇయర్‌టిప్స్ కొన్నాడు. చెవికి సరిగ్గా అతుక్కోక బేస్ అంతా పక్కనుంచి కారిపోతోందట ఇన్నాళ్ళూ. “ఇదేదో యాంప్ కన్నా నయం” అన్నాడు.

పరీక్ష అయిపోయాక ఆ సాయంత్రం, వెళ్ళేముందు వాడికి ఇరవై ఏడో కాసెట్ పెట్టాను. హెచ్‌డీ 600 తలకి తొడిగి, కుడిచెయ్యి నాబ్ మీద పెట్టించాను. “పద్యం అయిపోగానే ఈల వస్తుంది, ముందే తగ్గించాలి” అని చెప్పాను. ఎక్కడొస్తుందో చెప్పలేదు. నాకైతే చేతికే తెలుసు. రాగం మూడోసారి పైకి వెళ్ళి, దిగి, హార్మణీ గాలితిత్తి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వెంటనే.

వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. “ఇందులో తాతయ్యది ఏది?” అన్నాడు. “ఆ కిందున్న శ్రుతి” అన్నాను. వినపడలేదనుకుంటా, నాబ్ ఇంకొంచెం పైకి తిప్పాడు. రాగం పైకి వెళ్తోంది. నా చెయ్యి గాల్లో లేచింది. వాడు కొంచెం ఆలస్యంగా తిప్పాడు.